అక్కా అని పిలిస్తే టిష్యూ డబ్బా జరిపారు

నాలుగు నెలలుగా విజయవాడలో ఒక కౌన్సెలింగ్ సెంటర్‌కి వెళ్తున్నాను. పేరు రాయను, మా కాలేజీ వాళ్లూ అక్కడికి వస్తారు. 50 నిమిషాలకి 1,200 రూపాయలు. ఒక రోజు ముందు చెప్పకుండా మానేస్తే మొత్తం కట్టాల్సిందే. ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పుకునే నాకు ఇది బరువే.

మా ఆయన పోయిన కొత్తలో ఇంకొకావిడ దగ్గరికి వెళ్లేదాన్ని. మొదటి రోజే "నన్ను అక్క అనుకో" అంది. ప్రాణం లేచొచ్చింది. రాత్రి 11కి వాట్సాప్ చేసినా పలికేది. రెండో నెలకల్లా ఆవిడ అత్తగారి గొడవలు నేను వింటున్నాను. మూడో నెలలో వాళ్ల తమ్ముడి చీటీలో చేరమంది, నెలకి 5,000. నా ఇంటి గుట్టంతా తెలిసిన మనిషికి కాదని ఎలా చెప్తాం? చీటీ అయితే చివరిదాకా కట్టాను గానీ, మనసులో మాట చెప్పడం ఆ రోజే ఆగిపోయింది.

ఇప్పటి సెంటర్‌లో ఈవిడ క్లినికల్ సైకాలజిస్ట్. క్లినికల్ సైకాలజిస్టులని నమోదు చేసే కేంద్ర సంస్థ ఆర్‌సీఐ ఇచ్చిన రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ గోడకే ఉంది. (మొదటి చోట గోడ మీద దేవుడి పటాలు తప్ప ఏమీ లేవు, నేనూ అడగలేదు.) మొదటి రోజే ఒక కాగితం ఇచ్చి చదవమన్నారు. నేను చెప్పింది బయటికి పోదు, ఎవరి ప్రాణానికైనా ముప్పుంటే తప్ప. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఈ హక్కు ఉందని అప్పుడే తెలిసింది. రాత్రుళ్లు మెసేజ్‌లకి జవాబివ్వరు. మరీ కష్టంగా ఉంటే 14416కి, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి, ఫోన్ చేయమన్నారు. ఒకసారి చేశాను కూడా, తెలుగులోనే మాట్లాడారు, డబ్బులేం లేవు.

ఆవకాయ సీసా పట్టుకెళ్తే "నోరూరుతోందండీ, అయినా తీసుకోలేను" అన్నారు. బస్సులో ఒళ్లో పెట్టుకుని వెనక్కి తెచ్చుకున్నా. ఒకసారి గుంటూరులో పెళ్లి భోజనాల దగ్గర ఎదురుపడ్డాం. ఆవిడ చూపు నా మీదుగా జారి పులిహోర మీదికి వెళ్లిపోయింది. బయట తనంతట తాను పలకరించనని, నేను పలకరిస్తే మాట్లాడతానని ముందే చెప్పారు. అయినా చివుక్కుమంది. అంతలో పక్కనున్న మా ఆడపడుచు గుర్తొచ్చింది. ఆవిడెవరని అడిగితే ఏం చెప్పేదాన్ని?

ఓ రోజు ఏడుస్తూ నోరు జారి "అక్కా" అన్నాను. టిష్యూ డబ్బా నా వైపు జరిపి, కాసేపాగి, "అక్క అనగానే మీకు ఎవరు గుర్తొచ్చారు?" అని అడిగారు. నాతో మాటల్లేని మా పెద్దక్క గురించి పదకొండేళ్లలో మొదటిసారి మాట్లాడాను. ఆ వారం 1,200 ఎక్కువనిపించలేదు.

ఈ రివ్యూలో ఒక స్టార్ తగ్గించింది రిసెప్షన్ వల్ల. హాలు నిండా జనం ఉండగా ఇంటిపేరుతో సహా గట్టిగా పిలిచారు. మా స్టూడెంట్ తల్లి ఒకావిడ తలెత్తి చూసింది. లోపలికెళ్లి ముందు అదే చెప్పాను. మరుసటి వారానికి టోకెన్లు పెట్టారు. ఆ రోజు నాది 7.