చేపల వేపుడు పొగకి ఈఎస్‌పీ మెషిన్: మూడేళ్లు వాడాక

నెల్లూరులో మినీ బైపాస్ దగ్గర మాది చిన్న మెస్. పులుసుతో ఎవరికీ గొడవ లేదు, తంటా అంతా సాయంత్రం వేపుళ్లతోనే. వెనక మేడ మీదుండే అక్క ఒకరోజు దండెం మీద పంచె తెచ్చి నా కౌంటర్ మీద పడేసి, "వాసన చూడు అబ్బయ్యా, మీ బావ ఇది కట్టుకోని గుడికి పోవాల" అనింది. నిజంగానే వంజరం ముక్క వాసన. అప్పట్లో మాకున్నది గోడకి బిగించిన ఎగ్జాస్ట్ ఫ్యాను. మా పొగని వాళ్ల వరండాలోకి తోయడమే దాని పని.

2022లో చెన్నై నుంచి ఈఎస్‌పీ (ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్, అంటే పొగలోని నూనె కణాల్ని కరెంటు చార్జ్‌తో పట్టే మెషిన్) తెప్పించా. పొయ్యి పైన హుడ్‌లో ఉండే స్టీలు ఫిల్టర్లు పెద్ద జిడ్డు చుక్కల్ని ఆపుతాయి, వాటిని దాటిపోయిన సన్నటి నూనె పొగకి మెషిన్‌లోని తీగలు వేల వోల్టులతో చార్జ్ ఎక్కిస్తే అది పోయి అల్యూమినియం ప్లేట్లకి అతుక్కుంటుంది. కంటికి కనిపించే పొగ మొదటిరోజే పోయింది. పంచె వాసన మాత్రం పోలా! మెషిన్ పట్టేది కణాల్ని, వాసనేమో గ్యాసు, దానికి వెనక కార్బన్ ఫిల్టర్ వేరే పెట్టాలంట. అమ్మినాయన చెప్పలేదు, నేనూ అడగలేదు. తర్వాత పెట్టించా, చాలావరకు తగ్గింది, కాకపోతే ఆరు నెలలకోసారి కార్బన్ మార్చే ఖర్చు నెత్తిన పడింది.

అసలు పని ప్లేట్లు కడగడం. మా వేపుళ్లకి పదిరోజులకోసారి కడగాల్సిందే, పండక్కి రద్దీలో వదిలేశామా, లోపల చిటపటమని మెరుపులు, ఆ పైన ట్రిప్పు. ఒకసారి మా దగ్గర పనిచేసే పిలకాయ తొందరగా వదులుతుందని కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టి ఇంటికి పోయాడు. తెల్లారి చూస్తే ప్లేట్లు నల్లబడి చిల్లులు పడున్నాయి, కాస్టిక్ అల్యూమినియాన్ని తినేస్తుందని అప్పుడు తెలిసింది. వాడినేమంటాం, చెప్పాల్సింది నేను. ఇప్పుడు వేడినీళ్లు, అల్యూమినియానికి పనికొచ్చే లిక్విడ్ వాడి, ఎండలో పూర్తిగా ఆరాకే లోపల పెడతాం.

ఇంకోటి, ఈ మెషిన్ మేడ మీద అక్క కోసం. లోపల పెనం దగ్గర నిలబడే మాస్టర్‌కి దీంతో ఒరిగేదేం లేదు, పొగ ఆయన ముక్కు దాటాకే కదా డక్ట్‌లోకి పోయేది. బాగా కాగిన నూనెలో వేయించేటప్పుడు వచ్చే పొగని 2010లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం, క్యాన్సర్ తెచ్చే అవకాశం గట్టిగా ఉన్న 2ఏ గ్రూపులో పెట్టింది. అది చదివాక హుడ్ జానెడు కిందకి దించి, రెండు పక్కలా రేకు కట్టించా. ఏసీ గాలి పోతుందని మూసిపెట్టే వెనక తలుపు కూడా తెరిపించా, బయటి గాలి లోపలికి రాకపోతే బ్లోయర్ ఎంత పెద్దదైనా లాగదు. మాస్టర్ సాయంత్రం దగ్గు తగ్గింది ఈ రెండు పనుల వల్లే, వీటికైన ఖర్చు మెషిన్ ధరలో పదోవంతు కూడా లేదు.

ఐదుకి మూడున్నర ఇస్తా. కడిగే మనిషి ఉంటేనే కొనండి. అక్క ఇప్పుడు గొడవకి రావడం లేదు గానీ, పంచెలు మాత్రం ఇంకా ముందు బాల్కనీలోనే ఆరేస్తాంది.