తెర వెనుక దీపం: పదకొండేళ్లు వాడిన ఒక మానిటరు గురించి

తెలుగు పుస్తకాల ప్రూఫులు దిద్దడం నా వృత్తి. బెంగళూరు కృష్ణరాజపురంలోని మా ఇంటి ముందు గదిలో, 2013 ఆగస్టులో కొన్న 24 అంగుళాల ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగు మారని తెర రకం) మానిటరు ముందు కూర్చుని, రోజుకు సుమారు ఎనిమిది గంటల చొప్పున పదకొండేళ్లకు పైగా పనిచేశాను. ఏడాదికి 300 పనిదినాలుగా లెక్కవేసినా ఇది 26,000 గంటలు దాటుతుంది. కొన్న వారానికే రాసే సమీక్షల్లో రంగుల గురించి, స్టాండు గురించి, అంచుల సన్నదనం గురించి చాలా చదువుతాం. అవన్నీ అవసరమే గాని, ఇన్నేళ్ల తరువాత నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటి ఉంది. ఇటువంటి తెరలో ముందుగా వయసు మీదపడేది దాని వెనుక ఉన్న దీపానికి. కొనేటప్పుడు దాదాపు ఎవరూ అడగని సంగతి కూడా ఆ దీపం గురించే.

దుకాణాల్లో దీన్ని ‘ఎల్‌ఈడీ మానిటరు’ అని అమ్ముతారు. నాకు అమ్మిన పెట్టె మీద కూడా అదే పెద్ద అక్షరాల్లో ఉంది. నిజానికి అది ఎల్‌సీడీయే. అంటే ద్రవ స్ఫటికపు తెర. ద్రవ స్ఫటికానికి స్వయంగా వెలిగే గుణం లేదు. వెనుక నుంచి వచ్చే వెలుగును ఎంత వదలాలో, ఎంత ఆపాలో నిర్ణయించడమే దాని పని. మారినదల్లా వెనుక దీపం. పాత మానిటర్లలో సన్నని ఫ్లోరసెంట్ గొట్టాలు ఉండేవి, తరువాతి వాటిలో ఎల్‌ఈడీలు వచ్చాయి.

ఆ తేడా నాకు బాగా తెలియడానికి కారణం, దీనికి ముందు ఆరేళ్లు వాడిన 22 అంగుళాల మానిటరు. డిసెంబరు ఉదయాల్లో దాన్ని ఆన్ చేస్తే, తెల్లని పేజీ మొదట మసకగా, కాస్త ఎర్రజీరతో కనిపించేది. కాఫీ తాగి వచ్చేసరికి గొట్టాలు వేడెక్కి తెలుపు తెలుపుగా నిలిచేది. చివరి ఏడాదిలో ఆ ఎర్రజీర మధ్యాహ్నం దాకా పోలేదు. తరువాత ఒకరోజు రెండు క్షణాలు వెలిగి ఆరిపోయింది. ఈ-వ్యర్థాలు సేకరించేవారికి ఇచ్చేముందు, ప్లగ్గు తీసి ఒక రోజంతా పక్కన ఉంచి, ఆ తరువాతే దాన్ని విప్పాను. గొట్టాలకు వందల వోల్టులు అందించే చిన్న ఇన్వర్టరు బోర్డు లోపల ఉంటుంది కాబట్టి, ఆ జాగ్రత్త లేకుండా ఎవరూ విప్పకూడదు.

లోపల చూసింది ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. బాల్‌పెన్ను రీఫిల్లు అంత సన్నని గాజు గొట్టాలు పైన రెండు, కింద రెండు. నాలుగింటి కొనలూ నల్లబడి ఉన్నాయి. వాటిలో పాదరసపు ఆవిరి ఉంటుంది. విద్యుత్తు పారినప్పుడు ఆ ఆవిరి కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలను ఇస్తుంది, గొట్టం లోపలి పూత వాటిని తెల్లని వెలుగుగా మారుస్తుంది. పాదరసం ఉన్నందువల్లే వాటిని పగలకుండా అట్టముక్కల మధ్య చుట్టి ఇచ్చాను.

నన్ను ఎక్కువసేపు ఆపేసింది గొట్టాలు కావు, వాటి మధ్య ఉన్న మందపాటి ఆక్రిలిక్ పలక. దీపాలు అంచుల్లో ఉంటే వెలుగు తెర మొత్తానికి సమానంగా ఎలా పరుచుకుంటుందన్న ప్రశ్నకు జవాబు ఆ పలక వెనుకవైపు ముద్రించి ఉంది: వేలాది తెల్లని చుక్కలు. అంచుల దగ్గర చుక్కలు ఆవగింజ కన్నా చిన్నవిగా, దూరదూరంగా ఉన్నాయి. నడిమికి వచ్చేకొద్దీ పెద్దవై దగ్గరపడ్డాయి. అంచు నుంచి పలకలోకి దూరిన వెలుగు లోలోపలే పరావర్తనం చెందుతూ పోతుంది, చుక్క తగిలిన చోట మాత్రం చెదిరి బయటికి వస్తుంది. దీపానికి దగ్గరలో వెలుగు ఎక్కువ కాబట్టి అక్కడ చుక్క చిన్నది చాలు, దూరంలో వెలుగు తగ్గుతుంది కాబట్టి చుక్క పెద్దది కావాలి. ముగ్గు వేసేవారికి ఉండే చేతి లెక్క లాంటిది ఆ పలకలో కనిపించి, దాన్ని చాలాసేపు కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూశాను. పలక వెనుక తెల్లని కాగితం లాంటి ప్రతిఫలక పొర, ముందు వెలుగును మెత్తగా చెదరగొట్టే డిఫ్యూజరు పొరలు, పక్కలకు పోయే కిరణాలను మన వైపు మళ్లించే సన్నని గాడుల పొర, వాటి ముందు గాజు ప్యానెల్ ఉన్నాయి.

ప్యానెల్ అంటే రెండు గాజు పలకలు, వాటి మధ్య కొద్ది మైక్రాన్ల మందాన ద్రవ స్ఫటికం. వెనుక గాజు మీద ప్రతి గడికీ (పిక్సెల్‌కూ) రంగుకు ఒకటి చొప్పున మూడు ట్రాన్సిస్టర్లు, ముందు గాజు మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతలు, రెండు గాజుల బయటివైపులా, ఒకే దిశలో కంపించే వెలుగును మాత్రమే వదిలే పోలరైజరు పొరలు ఉంటాయి. వెనుక పోలరైజరు దగ్గరే దాదాపు సగం వెలుగు పోతుంది. మిగిలినదానిలో సుమారు మూడింట రెండు వంతులు రంగుల వడపోతలు మింగేస్తాయి. ట్రాన్సిస్టర్లూ తీగలూ మరికొంత అడ్డుకుంటాయి. తెల్లని పేజీ చూపించినప్పుడు కూడా దీపం ఇచ్చిన వెలుగులో పదో వంతయినా మన కంటికి చేరదు. దీపం కొంచెం నీరసించినా కంటికి ఎందుకంత తెలుస్తుందో, విద్యుత్తు ఖర్చులో పెద్ద వాటా దీపానిదే ఎందుకో దీన్నిబట్టి అర్థమవుతుంది. కరెంటు పోయినప్పుడు మా ఇంటి ఇన్వర్టరు మీద పాత మానిటరు 40 వాట్లకు పైగా లాగేది, ఇప్పటిది 25 వాట్లు దాటదు.

ఐపీఎస్ ఎంచుకున్నందుకు ఒక్కరోజు కూడా చింతించలేదు. పాతది టీఎన్ రకం. అందులో అణువులు ఒక గాజు నుంచి మరో గాజుకు 90 డిగ్రీలు మెలితిరిగి ఉంటాయి. వోల్టేజీ ఇస్తే నిలువుగా లేచి మెలికను విప్పుతాయి, గడి నల్లబడుతుంది. అలా లేచిన అణువును ఏ కోణం నుంచి చూస్తున్నామన్నదాన్ని బట్టి వెలుగు మారిపోతుంది కాబట్టి, కుర్చీలో కాస్త జారగిలపడితే పేజీ పైభాగం ఒక రంగులో, కిందిభాగం మరో రంగులో కనబడేది. ఐపీఎస్‌లో అణువులు గాజుకు సమాంతరంగానే ఉండి, ఆ తలంలోనే తిరుగుతాయి. పక్కన కూర్చున్న రచయితకు కూడా నాకు కనిపించిన పేజీయే కనిపిస్తుంది.

ఈ కోణాల చిక్కుకు బెంగళూరుతో ఒక సంబంధం ఉంది. మేఖ్రీ సర్కిల్ దగ్గర ఉన్న రామన్ పరిశోధన సంస్థలో 1977లో ఎస్. చంద్రశేఖర్, బి.కె. సదాశివ, కె.ఎ. సురేశ్ బిళ్లల ఆకారపు అణువులతో కూడా ద్రవ స్ఫటికం ఏర్పడుతుందని కనుగొన్నారు. అంతవరకు పుల్లల వంటి పొడవాటి అణువులకే ఆ గుణం ఉందనుకునేవారు. తరువాతి కాలంలో ఆ బిళ్లల స్ఫటికాలతో చేసిన పలుచని పొరలను టీఎన్ తెరల మీద అంటించి, పక్క నుంచి చూసినప్పుడు వచ్చే లోపాన్ని చాలావరకు సరిదిద్దారు. ఆ దారిన బస్సులో వెళ్లిన ప్రతిసారీ నాకు ఈ సంగతి గుర్తొస్తుంది, మనసుకు సంతోషంగా ఉంటుంది.

అక్షరాల విషయానికి వస్తాను. 1920×1080 గడుల ఈ తెర మీద ఒక్కో గడి సుమారు 0.28 మిల్లీమీటర్లు. తెర మీద పొరపాటున ఒక నీటిబొట్టు పడినప్పుడు, అది భూతద్దంలా పనిచేసి, తెల్లగా కనబడే కాగితం నిజానికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం నిలువు గీతల వరుస అని చూపించింది. విండోస్‌లోని క్లియర్‌టైప్ ఈ మూడు గీతలనూ విడివిడిగా వాడుకుని అక్షరపు అంచును నునుపు చేస్తుంది. గుండ్రని మలుపులతో నిండిన మన లిపికి ఆ మేలు స్పష్టంగా అందుతుంది. పూర్తి పుటను ఒకేసారి చూడవచ్చునని ఒకసారి మానిటరును నిలువుగా తిప్పాను. గీతలు అడ్డం తిరిగాయి, ‘ఱ’, ‘ఞ’ వంటి అక్షరాల చుట్టూ రంగు పొడలు కనబడ్డాయి. రెండు రోజులు కళ్లు నొప్పిపెట్టాక మళ్లీ అడ్డంగానే పెట్టుకున్నాను.

మూడో ఏట ఒక గడి చచ్చిపోయింది. నాకది తెలిసిన తీరు వేరు. ఒక కవితా సంపుటిలో ‘దార’ అని ఉన్నచోట ‘ధార’ అని చదివి, సందర్భం కుదరక తల పట్టుకున్నాను. పేజీని కొద్దిగా పైకి జరిపితే ‘ద’ కింది ఒత్తు మాత్రం కదలకుండా అక్కడే నిలిచింది. అది అక్షరానిది కాదు, తెరది. ఆ తరువాత అనుమానం వచ్చిన ప్రతి ఒత్తునూ పేజీ కదిపి చూడడం అలవాటు చేసుకున్నాను. ఒక వానాకాలంలో కనబడిన మరో మచ్చ మాత్రం అంచులు చెదిరిన నీడలా ఉండేది. పొరల మధ్య దూరిన చిన్న పురుగు అది. ప్యానెల్ మీది లోపం పదునుగా, దాని వెనుకనున్నది మసకగా కనిపిస్తుంది. పురుగును చూసి నొక్కితే అక్కడే నలిగి శాశ్వతంగా ఉండిపోతుంది కాబట్టి, ఒక రాత్రి తెర ఆపి, ఎదురుగా బల్లదీపం వెలిగించి ఉంచాను. పొద్దుటికి అది లేదు.

దీపం విలువ పూర్తిగా తెలిసింది మాత్రం మా హాల్లోని 40 అంగుళాల టీవీ వల్ల. కొన్న ఐదో ఏట, వార్తలు చూస్తుండగా తెర నల్లబడింది, మాటలు మాత్రం వినిపిస్తూనే ఉన్నాయి. ఎస్పీ రోడ్డు నుంచి వచ్చిన మెకానిక్కుది హిందూపురం. ఫోనులోని టార్చిని తెరకు ఆనించి, “అమ్మా, బొమ్మ బాగానే ఉంది, వెనక వెలుగే పోయింది, ఇట్లా వంగి చూడండి” అన్నాడు. వంగి చూస్తే, వార్తలు చదివే మనిషి రూపం చీకటి గోడ మీది క్యాలెండరు బొమ్మలా లీలగా కదులుతోంది.

మంచం మీద దుప్పటి పరిచి, నేనూ మావారూ చెరో వైపు పట్టుకుంటే, అతను ప్యానెల్ పైకి తీశాడు. ఆ టీవీలో దీపాలు అంచున ఉండవు, తెర వెనుకే పరిచి ఉంటాయి: మూడు పట్టీలు, పట్టీకి ఎనిమిది ఎల్‌ఈడీలు, ఒక్కోదాని మీద బొటనవేలి గోరంత ప్లాస్టిక్ లెన్సు. ఆ లెన్సు వెలుగును పక్కలకు పరుస్తుంది. జిగురు ఎండి అది ఊడితే తెర మీద గుండ్రని తెల్లని మరక కనబడుతుంది. ఇరవై నాలుగింటిలో మాడింది ఒక్కటే, దాని నడుమ సూదిమొనంత నల్లచుక్క ఉంది. అన్నీ ఒకే వరుసలో కలిపి ఉండడం వల్ల ఒక్కటి తెగితే అన్నీ ఆరిపోయాయి. “ఒక పట్టీ మారిస్తే ఆర్నెల్లకు ఇంకోటి పోతుందమ్మా, మూడూ మార్చేద్దాం” అన్నాడు. ఆ సలహా సరైనదే. మిగిలినవి కూడా అన్ని గంటలూ వెలిగినవే కదా. పట్టీలకు పోయే కరెంటును కూడా కొంత తగ్గించి వెళ్లాడు. దుకాణంలో కళ్లు జిగేల్‌మనాలని ఈ టీవీ దీపాన్ని వందకు పెట్టి పంపారు, మేమూ ఐదేళ్లు అలాగే వదిలేశాము. ఎల్‌ఈడీని చంపేది వేడే. ఇప్పుడు 55 దగ్గర ఉంచాము, రాత్రిపూట అదే ఎక్కువ.

ఇక నా మానిటరు మీద ఉన్న అసలు ఫిర్యాదు చెప్పాలి. వెలుగు తగ్గించమంటే ఇది దీపపు వెలుగును నేరుగా తగ్గించదు, సెకనుకు ఎన్నోసార్లు ఆర్పి వెలిగిస్తుంది. తెల్లని పేజీ ముందు పెన్సిలును వేగంగా ఊపితే, వెలుగు 100 దగ్గర ఒకే చెరిగిన నీడ, 25 దగ్గర విడివిడిగా నాలుగైదు పెన్సిళ్లు కనిపిస్తాయి. మొదటి రెండేళ్లు చీకటి గదిలో వెలుగు బాగా తగ్గించి పనిచేసినప్పుడు సాయంత్రానికి కణతలు లాగేవి. గదిలో గోడవైపు ఒక దీపం పెట్టి, తెర వెలుగు పెంచుకున్నాక ఆ బాధ చాలా తగ్గింది. ఇప్పుడు ఇలా ఆర్పి వెలిగించకుండా, స్థిరమైన కరెంటుతోనే దీపపు వెలుగును తగ్గించే మానిటర్లు విరివిగా దొరుకుతున్నాయి. రోజంతా చదివేవారు రంగుల కన్నా ముందు ఈ సంగతి అడగాలని గట్టిగా చెబుతాను. పెన్సిలు పరీక్షకు దుకాణంలో అర నిమిషం చాలు.

నలుపు విషయంలో ఐపీఎస్ బలహీనమే. రాత్రి దీపాలార్పి చూస్తే నల్లని తెర బూడిదరంగులో ఉంటుంది, కుడివైపు కింది మూలలో చట్రం నొక్కుకున్న చోట పసుపు వెలుగు కారుతుంది. సినిమాల కోసమైతే వీఏ అనే మరో ద్రవ స్ఫటికపు తెర రకం మేలు. ఓఎల్‌ఈడీకి, గడులు తామే వెలుగుతాయి కాబట్టి, వెనుక దీపమే అక్కరలేదు, నలుపు నిజమైన నలుపు. అయితే ఒకే మెనూ పట్టీ ఏళ్ల తరబడి ఒకే చోట నిలిచే నా పనిలో దాని అచ్చు తెర మీద మిగిలిపోతుందన్న భయంతో దాని జోలికి పోలేదు.

ఈ రకం దీపాలకు సాధారణంగా 30,000 గంటలు చెబుతారు. అంటే అప్పటికి వెలుగు మొదటిదానిలో సగానికి పడుతుందని అర్థం, ఆరిపోతుందని కాదు. నా లెక్కకు అది సరిపోతోంది. పక్కన తెల్లకాగితం పెట్టుకుని, తెరలోని పేజీ దానితో సమానంగా కనిపించేలా వెలుగు సర్దుకోవడం నా పద్ధతి. గోడదీపం పెట్టుకున్న కొత్తలో అందుకు 40 సరిపోయేది. నాలుగేళ్ల కిందట 52కు పెంచాను. ఈ ఉదయం చూస్తే 71 దగ్గర ఉంది.