స్టీమ్ సేల్‌కు ఆగాలా, సెకండ్‌హ్యాండ్ డిస్క్ కొనాలా: ఏది మేలు?

హన్మకొండలో ఆషాఢం సేల్ బోర్డులు లేచే రోజుల్లోనే పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో సమ్మర్ సేల్ కూడా మొదలవుతుంది. రెండింటి మీదా జనం అనే మాట ఒక్కటే: "ముందు రేటు పెంచి తర్వాత తగ్గిస్తరు, ఎనకటి లెక్క లేదు." గేముల విషయంలో ఆ మాట సగమే నిజం. స్టీమ్‌లో ధర పెంచిన గేముకు 30 రోజుల దాకా డిస్కౌంట్ పెట్టనివ్వరు. సేల్ రేపనగా రేటు పెంచి మాయ చేయడం అక్కడ కుదరదు.

మరి అందరికీ సేల్ చప్పబడ్డట్టు ఎందుకనిపిస్తోంది? శాతాలు చూస్తే ఏమీ తగ్గలేదు. రెండు మూడేళ్ల పాత గేముల మీద ఇప్పటికీ 60, 75 శాతం తగ్గింపు దొరుకుతోంది. పెరిగింది అసలు ధర. 2020 డిసెంబర్‌లో వచ్చిన సైబర్‌పంక్ 2077 పీసీలో 2,999 రూపాయలు. ఇప్పుడు పెద్ద కంపెనీల గేములు చాలావరకు 3,999, 4,999 దగ్గర మొదలవుతున్నాయి. 2,999లో 60 శాతం పోతే 1,200 కడితే చాలు. 4,999లో అదే 60 శాతం పోయినా 2,000 కట్టాలి. స్టీమ్ పచ్చ పెట్టెలో చూపించే తగ్గింపు శాతం ఒకటే, జేబులోంచి పోయేది మాత్రం 800 ఎక్కువ. కాబట్టి శాతాన్ని పట్టించుకోకండి. చివరికి కట్టేది ఎంతో చూడండి. స్టీమ్ ధరల లెక్క రాసిపెట్టే స్టీమ్‌డీబీ వెబ్‌సైట్‌లో గేము పేరు కొడితే దాని ధర ఏ నెలలో ఎంతకు దిగిందో గ్రాఫ్ వస్తుంది. ఇప్పటి సేల్ ధర ఆ పాత కనిష్ఠానికి పైన ఉంటే ఇంకో సేల్‌కు ఆగడమే.

2015 దాకా సేల్‌లో ఫ్లాష్ డీల్స్ ఉండేవి. కొన్ని గంటల పాటు ధర ఇంకా కిందికి దిగేది. ఆ ఏడాది జూన్‌లో రిఫండ్ వచ్చింది: కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటలు దాటకపోతే పైసలు వాపస్. ఇక ఫ్లాష్ డీల్‌కు చోటెక్కడ? నిన్న కొన్నవాడు వాపసిచ్చి ఇవాళ తక్కువకు కొంటాడు కదా. ఆ ఏడాది చివరి సేల్స్ నుంచి మొదటి రోజు ధరే ఆఖరి రోజు దాకా.

"గా రోజులే మంచిగుండె" అంటే నేను ఒప్పుకోను. అప్పుడు మనకు రూపాయల్లో ధరలే లేవు, డాలర్లలో కట్టాలి. కాజీపేటలో ఇంటర్ చదివే పిల్లగాడికి ఇంటర్నేషనల్ కార్డు ఎక్కడిది? బెంగళూరులో ఉద్యోగం చేసే అన్నను బతిమాలాలి, డీల్ అయిపోయేలోపు ఆయన ఫోన్ ఎత్తాలి. ఇప్పుడు సమ్మర్ సేల్ మన టైం ప్రకారం రాత్రి పదిన్నరకు తెరుచుకుంటుంది, యూపీఐతో కట్టేయొచ్చు. వారం ఆలోచించి కొన్నా అదే ధర. పీసీ ఉన్నవాళ్లకు ఇదే మేలు, అప్పటికన్నా కూడా మేలు.

ఇంట్లో డిస్క్ పట్టే పీఎస్5 (సోనీ గేమింగ్ మెషీన్) ఉంటే లెక్క మారుతుంది. కథ నడిపించే గేము ఒక్కసారి ఆడి పక్కన పెట్టేవాళ్లకు సెకండ్‌హ్యాండ్ డిస్క్‌కు మించింది లేదు. 2,000 పెట్టి కొని, నెల ఆడి, 1,500కు ఇంకొకరికి ఇస్తే ఖర్చు 500. సేల్‌లో కొన్న డిజిటల్ కాపీని ఎవరికీ అమ్మలేరు. కొనే ముందు డిస్క్‌ను లైటు కింద తిప్పి చూడాలి. మధ్యలోంచి అంచుకు పోయే సన్న గీతతో పెద్దగా ఇబ్బంది ఉండదు. డిస్క్ తిరిగే దారి వెంబడి గుండ్రంగా పడ్డ గీత మాత్రం చెడ్డది, అది కనిపిస్తే వద్దనండి. గేములో అదనపు సరుకు కోసం బాక్సులో వచ్చిన కోడ్‌ను మొదటి యజమాని వాడేసుకుని ఉంటాడు, దాన్ని లెక్కలో కలపొద్దు. డిస్క్ పట్టని డిజిటల్ ఎడిషన్ కొన్నవాళ్లకు ఈ దారి మూసుకున్నట్టే, సేలే గతి; కొత్త స్లిమ్ మోడల్‌కైతే డిస్క్ డ్రైవ్ విడిగా కొని తగిలించుకోవచ్చు. మెషీన్ కొనేటప్పుడే ఈ సంగతి ఆలోచించుకోవాలి.

ఇక నెలనెలా కట్టే సబ్‌స్క్రిప్షన్, అంటే కట్టినన్నాళ్లు వాళ్ల జాబితాలోని గేములు ఆడుకోవడం. సెలవుల్లో ఒక నెల తీసుకుని నాలుగు గేములు ముగించేవాళ్లకు బాగుంటుంది. ఏడాది పొడవునా కట్టుకుంటూ వారానికి గంట ఆడేవాళ్లకు నష్టమే. స్టీమ్ లాంటి ఇంకో దుకాణం ఎపిక్ స్టోర్ వారం వారం ఉచితంగా ఇచ్చే గేములను మాత్రం వదలొద్దు. 2020 మేలో జీటీఏ 5 కూడా అట్లాగే ఇచ్చింది.

సేల్‌లో నాకు భయం ఒక్క రకం గేములతోనే. ఒంటరిగా ఆడినా కంపెనీ సర్వర్‌కు కలవకపోతే తెరుచుకోనివి. యూబీసాఫ్ట్ 2014లో తెచ్చిన ది క్రూ అట్లాంటిదే. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు, డబ్బు పెట్టి కొన్నవాళ్లెవరూ ఇక ఆడలేకపోయారు, డిస్క్ చేతిలో ఉన్నవాళ్లు కూడా. అట్లాంటి గేము మీద 80 శాతం తగ్గించారంటే, ఇంకెన్నేళ్లు నడుపుతారో చూసుకున్నాకే కొనండి.