ఒంటరి పెద్దలకు ఏది మేలు: ఆశ్రమమా, ఇంట్లో మనిషా, ఊళ్లో పగటి కేంద్రమా?

పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో అమెరికాలోనో స్థిరపడగా, తల్లో తండ్రో ఒక్కరే మిగిలిన ఇళ్లు మన ఊళ్లలో ఇప్పుడు సర్వసాధారణమయ్యాయి. అటువంటి కుటుంబాలు మొదట వృద్ధాశ్రమం గురించి ఆలోచిస్తాయి. మనసొప్పకపోతే ఇంట్లోనే జీతానికి ఒక మనిషిని పెడతాయి. పగలంతా పెద్దలు ఒకచోట చేరి గడిపే కేంద్రాన్ని ఊళ్లోనే నడపడమన్న మూడో మార్గం అరుదుగా చర్చకు వస్తుంది గానీ, లేచి తిరగగలిగిన వారికి అదే మేలని నా అభిప్రాయం.

ఆశ్రమాన్ని తీసిపారేయడానికి వీల్లేదు. నా అన్నవారు లేనివారికి, రాత్రివేళ కనిపెట్టుకుని ఉండే మనిషి అవసరమైనవారికి అది ఆధారమే. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కూడా నిరుపేద వృద్ధుల కోసం జిల్లాకు కనీసం ఒక్కటి చొప్పున, 150 మందికి తగ్గకుండా వసతి ఉండే ఆశ్రమాలను రాష్ట్ర ప్రభుత్వాలు నెలకొల్పవచ్చని చెప్పింది. అయితే ఆ చట్టం ప్రధానంగా చూసుకున్నది పోషణ, వసతి, వైద్యం గురించి. డెబ్బై ఏళ్లు ఒకే వీధిలో బతికిన మనిషిని, తన పెళ్లి చూసినవారు గానీ తన పొలం ఎరిగినవారు గానీ లేని చోటికి మారిస్తే, చుట్టూ వందమంది ఉన్నా పలకరింపు కరువు కావచ్చు.

జీతపు మనిషి వల్ల ఇల్లు వదలనక్కర్లేదు. మంచం పట్టినవారికి ఇంతకు మించిన ఏర్పాటు లేదు. కాని మాట్లాడేందుకు ఉన్నది ఆ ఒక్క మనిషే అయినప్పుడు, మాటలు మాత్రలకూ భోజనానికీ పరిమితమవుతాయి. అలవాటు పడేలోగా ఆ మనిషి మానేసి మరొకరు రావడమూ ఉంది. ఇక అమెరికాలో తెల్లవారేసరికి ఇక్కడ సాయంత్రమో రాత్రో అవుతుంది కనుక, వీడియో కాల్ సాధారణంగా కుశల ప్రశ్నలతోనే ముగుస్తుంది.

పగటి కేంద్రానికి పెద్ద హంగులు అక్కర్లేదు. కేరళలో స్థానిక సంస్థలు ‘పకల్ వీడు’ (పగటి ఇల్లు) పేరుతో ఇటువంటివి నడుపుతున్నాయి. మన ఊళ్లలో మూతపడిన బడి గదో సామాజిక భవనమో చాలు. మధ్యాహ్నం కలిసి భోజనం, అప్పుడప్పుడు ఊరి ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎం) వచ్చి రక్తపోటు చూడటం, సాయంత్రం పిల్లలకు ఎక్కాలు చెప్పడం వంటి పని ఉంటే రోజుకు ఒక క్రమం ఏర్పడుతుంది. అన్నింటికంటే ముఖ్యంగా, ఒక మనిషి రాకపోతే భోజనాల వేళకే ఆ సంగతి తెలిసి ఎవరో ఒకరు ఇంటికి వెళ్లి చూస్తారు.

ఇందులోనూ చిక్కులున్నాయి, అవి చిన్నవి కావు. మగవారికి ఎటూ రచ్చబండ, టీకొట్టు ఉన్నాయి; భర్త పోయిన స్త్రీలు గుడికి తప్ప గడప దాటని ఇళ్లు ఇంకా ఉన్నాయి. కేంద్రం ఊళ్లో ఏ వీధిలో పెడతారన్నదాన్ని బట్టి ఏ కులంవారు వస్తారు, ఎవరు గడప దగ్గరే ఆగిపోతారు అన్నది తేలిపోతుంది. మోకాళ్ల నొప్పులవారిని తీసుకొచ్చే ఆటో ఖర్చు ఎవరిదన్నది మరో ప్రశ్న. వీటికి ముందే జవాబు చెప్పుకోకపోతే, కేంద్రం పదిమంది మగవాళ్ల పేకాట గదిగా మిగులుతుంది.

పింఛను విషయంలో రెండు రాష్ట్రాల పద్ధతులు ఇక్కడ గమనించదగినవి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. గ్రామ సచివాలయ సిబ్బంది దానిని ఇంటికే తెచ్చి ఇస్తారు. తెలంగాణ పల్లెల్లో ఎక్కువగా తపాలా కార్యాలయానికి వెళ్లి తీసుకోవాలి. మొదటిది శ్రమ తప్పిస్తుంది. రెండోది శ్రమే అయినా నెలకొకసారి తోటివారిని కలిపే వరుస. (ఎండలో నిలబెట్టడాన్ని సమర్థించడం నా ఉద్దేశం కాదు.) ఇంటికి వెళ్లే సిబ్బంది డబ్బు చేతికిచ్చి వెళ్లిపోకుండా, గత వారంలో ఇంటికి ఎవరు వచ్చారని అడిగి, ఎవరూ రాలేదన్నవారి పేర్లను పంచాయతీకి అందజేస్తే, పగటి కేంద్రం మొదట ఎవరిని పిలవాలో, ఆటో ఏ గుమ్మం ముందు ఆగాలో తెలుస్తుంది.