గరికా, మెక్సికన్ గ్రాసా: ఏది మేలు?

మృగశిర కార్తె దగ్గరపడితే చాలు, హనుమకొండలో కొత్తగా ఇల్లు కట్టుకున్నవారిలో ఎవరో ఒకరు వాకిట్లో ఏ గడ్డి వేయించాలని అడుగుతారు. నర్సరీలో మనసు లాగేది మెక్సికన్ గ్రాసే. పలకలుగా వచ్చి, పరచిన రోజే తివాచీలా కనిపిస్తుంది. గరికను ముక్కలుగా నాటి, నేలను కప్పేవరకు నెలల తరబడి ఓపిక పట్టాలి. ఏది వేసినా ముందుగా తుంగగడ్డలను తవ్వి ఏరక తప్పదు. ఆకు పీకినంత మాత్రాన అది పోదు.

కోతలోనూ మెక్సికన్‌దే పైచేయి. వానకాలంలో గరికను వారానికొకసారి కోయవలసి ఉండగా, నిదానంగా పెరిగే మెక్సికన్‌కు నెలకొక కోత సరిపోతుంది. అయితే ఆ కోత తప్పించి బతుకమ్మ దాకా వదిలేస్తే పరుపులా ఉబ్బుతుంది. అప్పుడు ఒక్కసారిగా కిందికి కోస్తే పాలిపోయిన కాడలే మిగులుతాయి. చలికాలంలో రెండూ మందగిస్తాయి కనుక ఆ రోజుల్లో యూరియా చల్లడం దండగ.

నా దృష్టిలో అసలు తేల్చవలసింది ఎండాకాలపు నీటి లెక్క. చదరపు మీటరుపై 1 మిల్లీమీటరు నీరంటే 1 లీటరు. 60 గజాల గడ్డి దాదాపు 50 చదరపు మీటర్లు. మే నెలలో రోజుకు 5 మిల్లీమీటర్లే ఇచ్చినా 250 లీటర్లు కావాలి. బోరు ఆగి ఆగి పోసే ఆ రోజుల్లో ఇంటి అవసరాలకు పోగా అన్ని నీళ్లు మిగిలే ఇళ్లు తక్కువ. నీరందక ఎండిన మెక్సికన్ మచ్చలు మచ్చలుగా చస్తుంది, ఆ మచ్చలు పూడడానికి మళ్లీ పలకలు కొనాలి. గరిక కూడా గోనెపట్టా రంగుకు తిరుగుతుంది. కానీ నిరుడు రోహిణి కార్తెలో కుర్పితో రెండంగుళాలు తవ్వి చూస్తే, ఎండిన ఆకు కింద తెల్లని కణుపులు గట్టిగా, పచ్చిగా ఉన్నాయి. తొలకరి పడిన వారంలోపే వాటి నుంచి సూదుల్లాంటి మొలకలు లేచాయి. వినాయక చవితి నాటికి పూజకు గరిక మా వాకిట్లోనే దొరికింది, అది వేరే లాభం.

ఎండ బాగా పడని చోట మాత్రం గరికను నమ్మకూడదు, పలచబడిపోతుంది. పాక్షికమైన నీడను మెక్సికన్ కొంత మేరకు ఓర్చుకుంటుంది. నీటికి కొరత లేని ఇంట్లో దాన్ని వద్దనను. ప్లాస్టిక్ గడ్డి మధ్యాహ్నపు ఎండకు కాలు పెట్టనివ్వదు కాబట్టి దాని గురించి చర్చే అక్కర లేదు.

మా ఇంట్లో తూర్పు వైపు ఎండపడే చోటంతా గరికే ఉంది. వేపచెట్టు కింద రెండుసార్లు గడ్డి వేయించి, రెండుసార్లూ పోగొట్టుకుని, చివరకు కంకర పరిపించాను.