హాస్టల్ గదిలో రేడియో నాటిక: మూడేళ్ల ఆడాసిటీ వాడకం

చెన్నైలో క్యాంపస్ రేడియో కొత్తేమీ కాదు. అన్నా విశ్వవిద్యాలయం వాళ్ల 90.4 ఎఫ్‌ఎం 2004 నుంచి ఉంది. స్టూడియో దొరకని తెలుగు విద్యార్థులు పావుగంట నాటిక చేయాలంటే ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ చాలు. ఉచితం, ఓ మాదిరి ల్యాప్‌టాప్‌లోనూ నడుస్తుంది. కోతకీ కూర్పుకీ గట్టి సాధనమే గానీ, పాడైన రికార్డింగును బాగుచేస్తుందని మాత్రం ఆశపడొద్దు.

సీలింగ్ ఫ్యాను హోరు ఒకే తీరున ఉంటుంది కాబట్టి చప్పుడు తగ్గించే నాయిస్ రిడక్షన్ ఎఫెక్టుకి లొంగుతుంది. ఎవరూ మాట్లాడని కొన్ని సెకన్లు ఎంచి ప్రొఫైల్ (ఆ హోరు నమూనా) తీసుకుని, తర్వాత ట్రాక్ మొత్తం ఎంచి ఎఫెక్టు వేయాలి. కొత్తవాళ్లు ఈ రెండో ఎంపికే మరిచిపోతారు. తగ్గింపు 12 డెసిబెల్స్ పెడితే గొంతుకి ఎక్కువ, 6 నుంచి 9 చాలు. మించితే నీళ్లలో మునిగి మాట్లాడినట్టు వినిపిస్తుంది. కాకి అరుపు, ఆటో హారన్ క్షణానికో రకంగా మారతాయి, వాటిమీద ఇది పనిచేయదు. ఆ డైలాగు మళ్లీ చెప్పించాల్సిందే. గోడల ప్రతిధ్వని అసలే పోదు. అందుకే నటుడి వెనక బొంతలు వేలాడదీయండి. మే నెల ఉక్కలోనైనా సరే, టేకు నడిచే ఆ రెండు నిమిషాలు ఫ్యాను ఆపండి.

మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకి ఉండాలి. ఎదురుగా ఉంటే ‘ప’, ‘భ’ పలికినప్పుడల్లా గాలి తగిలి దబ్బుమంటుంది. రికార్డింగ్ మీటరు మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆడాలి. పాత్ర దూరంగా వెళ్లే చోట నటుడే రెండడుగులు వెనక్కి వేయాలి. ఈ ఒక్క సంగతి పట్టుబడితే నాటికకి ప్రాణం వస్తుంది. ట్రాక్‌లో చోటుచోటుకీ శబ్దం హెచ్చుతగ్గులు చేసే ఎన్వలప్ టూల్‌తో శబ్దం తగ్గిస్తే గొంతు చిన్నదవుతుందే గానీ దూరం కాదు. దూరమంటే నేరుగా వచ్చే గొంతు తగ్గి, గది శబ్దం పాలు పెరగడం. ఫోను గొంతుకి మాత్రం ఎడిటింగే మేలు: 300 హెర్ట్జ్ కింద, 3400 పైన కోసేస్తే సరిపోతుంది.

మాటల కింద సంగీతం తగ్గించడానికి ఆటో డక్ ఉంది. సంగీతం ట్రాక్ పైన, మాటల ట్రాక్ దాని కిందే ఉండాలి, లేకపోతే పనిచేయదు. మాట మాటకీ సంగీతం ఎగిరిపడుతుంటే, గరిష్ఠ విరామం విలువ పెంచండి.

3.2 వెర్షన్ నుంచి ఎఫెక్టులు వింటూనే మార్చుకోవచ్చు. నాయిస్ రిడక్షన్‌కి ఆ వీలు లేదు, ముందు ట్రాక్ నకలు తీసుకోండి.

పెద్ద బెంగ ప్రాజెక్టు ఫైలుతోనే. 3.0 నుంచి అంతా ఒకే ఫైలులో ఉంటుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లోనో క్లౌడ్ ఫోల్డర్‌లోనో ఉంచి ఎడిట్ చేస్తే పాడయ్యే ప్రమాదముంది. ల్యాప్‌టాప్‌లోనే పనిచేసి, సేవ్ మెనూలోని బ్యాకప్‌తో నకలు బయటికి తీయండి.

చివర, మొత్తం నాటిక బిగ్గరతనాన్ని సరిచేసే లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌లో ముందే మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్ (బిగ్గరతనం కొలత) ఉంటుంది. ఫోన్లో వినేవాళ్లకి అది మరీ తక్కువ. మైనస్ 16 పెట్టి, తర్వాత శబ్దం హద్దు దాటకుండా ఆపే లిమిటర్‌తో మైనస్ 1 డెసిబెల్ దగ్గర ఆపండి. ఎగుమతి చేసే ముందు ఒకసారి మోనోలో, చవక ఇయర్‌ఫోన్‌తో మొత్తం వినండి. మాటలు సంగీతంలో మునిగిన చోట్లన్నీ అప్పుడే దొరుకుతాయి.