గ్రాండ్ కేన్యన్ హెలికాప్టర్: సౌత్ రిమ్మా, వెస్ట్ రిమ్మా?

మా అమలాపురం చుట్టుపక్కల ఇప్పుడు ఏ వీధి చూసినా ఎవరో ఒకళ్ళు అమెరికా ప్రయాణంలో ఉంటారండి, కొడుకు దగ్గరికో కూతురి పురిటికో, అక్కడికెళ్ళాక పిల్లలు వేగాస్ తీసుకెళ్ళి హెలికాప్టర్ ఎక్కించడం కూడా మామూలైపోయింది. మేం సౌత్ రిమ్ వైపు, అంటే గ్రాండ్ కేన్యన్ అనే ఆ పెద్ద లోయకి దక్షిణపు అంచు వైపు ఎక్కాం, మలికిపురం బావగారు వాళ్ళు వేగాస్ నుంచి వెస్ట్ రిమ్‌కి వెళ్ళారు, ఏది బాగుందన్న దాని మీద మా ఇళ్ళల్లో ఇంకా వాదన నడుస్తూనే ఉంది. అడిగిన వాళ్ళందరికీ ఫోన్లో చెప్పేకంటే రాసేస్తే సరిపోద్దని కూర్చున్నా.

వేగాస్‌లో గ్రాండ్ కేన్యన్ అని పెద్దక్షరాలతో రాసినవన్నీ ఒకే చోటుకి పోవు. ఆ లోయ పొడవే 277 మైళ్ళు, అంటే సుమారు 446 కిలోమీటర్లు. మనం క్యాలెండర్లలో చూసే బొమ్మ సౌత్ రిమ్‌ది, అది నేషనల్ పార్కు, వేగాస్ నుంచి కార్లో నాలుగున్నర గంటలు పడద్ది. వెస్ట్ రిమ్ హువాలపై అనే తెగ వాళ్ళ సొంత భూమి, రెండు రెండున్నర గంటల్లో వెళ్ళిపోవచ్చు, గాజు వంతెన స్కైవాక్ ఉన్నది ఇక్కడే, 2007లో తెరిచారు. పార్కు పాస్ ఉంది కదా అని వెస్ట్‌కి వెళ్తే అక్కడ చెల్లదు, టికెట్ వేరే. వేగాస్‌లో లేచి లోయలో దిగే హెలికాప్టర్లు వెళ్ళేది ఈ వెస్ట్‌కే, అందుకని డబ్బు కట్టేముందు ఏ రిమ్ అని ఒక్క ముక్క అడగండి.

సౌత్‌లో హెలికాప్టర్ లోయలోకి దిగదు. 1986లో అక్కడ టూరిస్టుల విమానం, హెలికాప్టర్ గాల్లో గుద్దుకుని 25 మంది పోయారు, ఆ మరుసటేడు చట్టం తెచ్చి దారులు గీసేసారు, ఎంత ఎత్తులో ఎగరాలో కట్టడి చేసారు, పార్కులో అంచు కిందకి టూరు హెలికాప్టర్ దిగడానికి లేదు. కచ్చులూరు దగ్గర గోదాట్లో లాంచీ మునిగాక మనవాళ్ళు పాపికొండల లాంచీ ఎక్కగానే లైఫ్ జాకెట్లు వెతుక్కుంటున్నారు చూడండి, అలాంటిదే. వెస్ట్‌లో మాత్రం తెగ వాళ్ళ అనుమతితో మూడున్నర వేల అడుగుల దాకా కిందకి దింపుతారు, దారిలో హూవర్ డ్యామూ మీడ్ సరస్సూ పైనుంచి కనిపిస్తాయి. కింద కాసేపు ఆగి ఫొటోలు, తాగేవాళ్ళకి షాంపేన్, కొన్ని ప్యాకేజీల్లో కొలరాడో నది మీద పడవ కూడా ఉంటది. బావగారి మనసు పడింది ఇక్కడే. "నదిలో చెయ్యి పెట్టకపోతే చూసినట్టేంటి బావా" అంటారాయన, రాజోలు సీమ మనిషి కదా.

మాదేమో టుసయాన్‌లో ఎక్కడం, సౌత్ గేటు బయటే ఉన్న చిన్న ఊరది. చిన్న టూరు అరగంట లోపు, పెద్దది ముప్పావుగంట పైన. కౌంటర్‌లో పేరుకంటే ముందు బరువు చూస్తారు, ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆ బరువుని బట్టే, మొగుడూ పెళ్ళాం పక్కపక్కన అని అడిగితే నవ్వి ఊరుకుంటారు. మా ఆవిడకి ముందు సీటు వచ్చింది, నాకు వెనకాల మధ్యలో. తెల్ల చొక్కా అసలొద్దు, అద్దంలో అదే పడి ఫొటోల నిండా మన చొక్కానే ఉంటది, ముదురు రంగు వేసుకోండి. లేచాక కాసేపు కింద అంతా పైన్ చెట్ల అడవే, ఇంతేనా అనుకుంటూ ఉంటాం, అంతలో చెట్లు ఠక్కున ఆగిపోయి కింద నేలే ఉండదండి, ఒక మైలు లోతు. హెడ్‌ఫోన్లలో ఏదో చెప్తున్నారు, ఒక్క ముక్క ఎక్కలేదు. అడుగున కొలరాడో పంటబోదెలా కనిపిస్తది, కోటిపల్లి రేవు చూసిన కళ్ళకి అది నదంటే నమ్మబుద్ధి కాలేదు. నీళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయి. ఎగువన గ్లెన్ కేన్యన్ డ్యామ్ 1963లో గేట్లు మూసిన దగ్గర్నుంచి ఒండ్రు అక్కడే ఆగిపోతోందంట, వానలు పడి ఉపనదులు బురద మోసుకొస్తే మాత్రం మన వరద గోదారిలాగే ఎర్రగా తిరుగుద్దని చెప్పారు.

నా మాట అడిగితే, ఒక రాత్రి ఉండే వీలుంటే సౌత్‌కే ఓటు. హెలికాప్టర్ చిన్నది చాలు, మిగిలిన డబ్బు బసకి పెట్టి సాయంత్రం అంచు మీద నడవండి, రంగులు మారేది అప్పుడే, ఆ నడక ఉచితం. ఒక్క పగలే చేతిలో ఉంటే, లేదా కింద దిగాలన్న కోరిక గట్టిగా ఉంటే వెస్ట్. వేగాస్ నుంచి బస్సులో సౌత్‌కి వెళ్ళి అదే రోజు హెలికాప్టర్ ఎక్కి తిరిగొచ్చే ప్యాకేజీ మాత్రం పెద్దవాళ్ళకి వద్దు, పొద్దున్నే చీకటితో ఎక్కితే రాత్రికి గానీ దిగరు, నడుములు పోతాయి.

బస సంగతి: పార్కు లోపలి లాడ్జీలు 13 నెలల ముందే బుకింగ్ తెరుస్తారు, మనకి దొరకడం కష్టమే. టుసయాన్‌లో దొరుకుద్ది గానీ రేటు మండిపోద్ది, గది మామూలే. ఓ 60 మైళ్ళ దూరంలో విలియమ్స్ అని ఊరుంది, అక్కడ కాస్త చవక, పొద్దున్నే గంట డ్రైవ్ ఓర్చుకోవాలి. తిండికి పులిహోర కట్టుకెళ్ళాం, అదే నయం. సౌత్ రిమ్ 7,000 అడుగుల ఎత్తు కాబట్టి మెట్లెక్కితే ఆయాసం వస్తది, గుండె జబ్బున్న వాళ్ళు డాక్టర్ని అడిగే బయల్దేరండి, స్వెట్టర్ కూడా పెట్టుకోండి.

టైము పొద్దున్నదే తీసుకోండి, మధ్యాహ్నమైతే గాలికి కుదుపులెక్కువ, జూలై ఆగస్టుల్లో ఉరుములు కూడా. బావగారి దగ్గర ఆన్‌లైన్‌లో ఒక రేటు చూపించి కౌంటర్‌లో ఇంధనమని, దిగుడు రుసుమని మళ్ళీ గుంజారంట, అన్నీ కలిపి ఎంతో ముందే మెయిల్‌లో రాయించుకోండి. బరువు ఎక్కువున్న వాళ్ళకి అదనపు సీటు డబ్బు కూడా అడుగుతారు, ఆ లెక్క ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటది. దిగాక మన ఫొటో ఫ్రేము కట్టి పట్టుకొస్తారు, కొనక్కర్లేదు, పైలట్‌కి టిప్ మాత్రం ఇవ్వడం అక్కడ అలవాటు.